గోలీని ముందు కోరుకున్న పోరడు

భువనగిరి గుట్ట నీడ పొద్దుటి పూట పడమరకు సాగుతుంది. ఎండకాలంలో ఆ నీడ ఉన్నంతసేపే పోరలకు ఆట. ఓ ఆదివారం నడకకు పోయి వస్తూ అక్కడ ఆగాను. పద్నాలుగు మంది పోరగాండ్లు, ఒక బంతి, గోల్ స్తంభాలకు బదులు చెప్పుల కుప్పలు. ఇద్దరు కెప్టెన్లు జట్లు కోరుకోవాలి. బొమ్మ పడ్డవాడిది మొదటి వంతు.

అందరి కండ్లూ ఒక్కడి మీదే ఉన్నాయి. వీపు మీద 10 నంబరు, కాళ్లకు అసలైన బూట్లు. బంతిని మోకాలి మీద ఆడిస్తూ, నన్ను తప్ప ఎవణ్ని కోరుకుంటారన్నట్టు నిలబడ్డాడు. టాస్ గెలిచిన కెప్టెన్ అతణ్ని చూడనే లేదు. రాతి మీద కూర్చున్న ఒక బక్క పోరణ్ని చూపించి, "గోలీకి వాడు గావాలె నాకు" అన్నాడు.

నవ్వులే నవ్వులు. "ఏందిరా, గోలీని ముందుగాల కోరుకుంటడా ఎవడన్న?"

మా దగ్గర గోల్‌కీపర్‌ను గోలీ అంటారు. పరుగు రానివాణ్నో, బంతి తెచ్చినవాడి తమ్ముణ్నో గోలీకి నిలబెట్టడం ఆనవాయితీ. అందరికంటే చివర పోయే స్థానాన్ని ఈ కెప్టెన్ మొదటి వంతుతో కొన్నాడు. కాసేపు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాక నవ్వు ఆగింది.

లెక్క చిన్నదే. ఇద్దరు కెప్టెన్లకూ చెరొక ఫార్వర్డ్, చెరొక గోలీ కావాలనుకుందాం. ఉన్న ఫార్వర్డ్‌లు ముగ్గురు. ఆటకు మార్కులు వేస్తే 10, 9, 8. గోలీలు ఇద్దరే: ఒకడికి 8, రెండోవాడికి 3. కోరుకునే వరస పిల్లలకు తెలిసిందే. మొదటిది నాది, తర్వాత రెండూ నీవి, ఆపైది నాది. ఇప్పుడు నేను ఆశపడి 10 మార్కుల ఫార్వర్డ్‌ను పట్టుకుంటే ఎదుటివాడు 8 మార్కుల గోలీని, 9 మార్కుల ఫార్వర్డ్‌ను ఎగరేసుకుపోతాడు. నాకు మిగిలేది 3 మార్కుల గోలీ. నాకు 13, వాడికి 17. అట్లా కాక ముందే 8 మార్కుల గోలీని తీసుకుంటే? వాడు 10ని, దాంతో పాటు 3ని తీసుకుంటాడు. నాకు 9 దొరుకుతాడు. ఇప్పుడు నాకు 17, వాడికి 13. అందరికంటే గొప్ప ఆటగాణ్ని వదులుకుని గెలిచాను.

మొదటి వంతులో ఎవణ్ని తీసుకున్నానన్నది సగం ప్రశ్నే. నా వంతు మళ్లీ వచ్చేసరికి ఏ స్థానంలో ఎవడు మిగిలి ఉంటాడన్నది మిగతా సగం. ఫార్వర్డ్‌లలో మొదటివాడికీ రెండోవాడికీ తేడా ఒక్క మార్కు. గోలీలలో తేడా ఐదు. ఆ కెప్టెన్ కొన్నది గోలీని కాదు, ఆ ఐదు మార్కుల తేడాను.

దీన్ని అర్థం చేసుకోవడానికి భువనగిరి వాళ్లకు పుస్తకం అక్కర్లేదు, తల ఎత్తితే చాలు. ఏకశిల అని పేరుబడ్డ ఈ గుట్ట ఎత్తు సుమారు 500 అడుగులు. ఎత్తుల పట్టికలో దీనికి చోటు దొరకదు. హిమాలయాల్లో ఇటువంటి బండ ఉంటే దానికి పేరు కూడా పెట్టరు. చుట్టూ చదునైన నేల కాబట్టే హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే బస్సులోంచి ఇంత దూరాన కనబడుతుంది. చుట్టూ చదును కాబట్టే కళ్యాణి చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి కాలంలో దీని మీద కోట లేచింది. త్రిభువనమల్లుడన్న ఆయన బిరుదు నుంచే త్రిభువనగిరి, దాని నుంచి భువనగిరి వచ్చిందంటారు. శిఖరం విలువ సముద్రం నుంచి కొలిచే ఎత్తులో ఉండదు, పక్క నేలకంటే ఎంత లేచిందన్న దాంట్లో ఉంటుంది. ఆటగాడి విలువా అంతే. ఎప్పుడంటే అప్పుడు, ఎవరైనా తెచ్చుకోగల మామూలు ఆటగాణ్ని నేల అనుకోండి. ఆ నేల మీద ఎంత లేచాడన్నదే అసలు కొలత.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడికి ఇదే చిక్కు ప్రతి ఏటా ఆగస్టు నెలలో వస్తుంది. అక్కడి తెలుగు కుర్రాళ్లు ఆఫీసు స్నేహితులతో కలిసి ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడతారు. అమెరికా వాళ్లు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని ఉరుకుతూ ఆడేది. పన్నెండు మంది కూడి నిజమైన ఆటగాళ్లను కాగితం మీద వంతులవారీగా పంచుకుంటారు. ఆదివారం అసలు మ్యాచ్‌లో ఆ ఆటగాడు సాధించిన దాన్ని బట్టి వీళ్లకు పాయింట్లు. "మామా, ఈసారి మొదటి వంతు నాదే. క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకోనా, రన్నింగ్ బ్యాక్‌నా?" అని ఫోన్ చేశాడు. నాకా ఆట తెలియదని వాడికి తెలుసు. అయినా అడిగాడంటే అప్పటికే పదిమందిని అడిగి ఉంటాడు.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతిని ముందు అందుకుని విసిరేవాడు. ఈ పందేల్లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చేది సాధారణంగా వాడే. అయినా అనుభవం ఉన్నవాళ్లు మొదటి వంతులో వాణ్ని ముట్టుకోరు. ఒక్కో జట్టుకు ఒక్క క్వార్టర్‌బ్యాకే చాలు. పన్నెండు మందికి పన్నెండుగురు కావాలి, లీగ్‌లో ఉన్న జట్లు 32. చివరి వంతుల్లో తీసుకున్నా పనికొచ్చేవాడే దొరుకుతాడు. బంతి చంకన పెట్టుకుని ఉరికే రన్నింగ్ బ్యాక్‌లు జట్టుకు ఇద్దరేసి కావాలి, బాగా ఆడేవాళ్లు కొద్దిమందే. అక్కడ నాలుగడుగులు దిగేసరికి లోయ. అందుకే కాగితం మీద రన్నింగ్ బ్యాక్ ముందు పోతాడు.

తమాషా ఏమిటంటే అసలు ఆటలో ఇది తిరగబడుతుంది. అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో ఏటా కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. 2018 నుంచి 2025 దాకా ఎనిమిది డ్రాఫ్టులు జరిగితే ఏడింటిలో మొట్టమొదటి ఎంపిక క్వార్టర్‌బ్యాకే. 2022లో ఒక్కసారి మాత్రం రక్షణ వరసలో ఆడే ట్రావన్ వాకర్ ముందు పోయాడు. ఆట అదే, స్థానం అదే. కాగితం మీది ఆటలో గిరాకీ పన్నెండు. నిజం ఆటలో 32. నిజంగా పైస్థాయి క్వార్టర్‌బ్యాక్‌లు దేశం మొత్తం వెతికినా 32 మంది ఉండరు. నేల ఒక్కసారిగా కిందికి జారిపోతుంది, గుట్ట పైకి లేస్తుంది. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న నేల మారింది.

మా వాడికి ఇదంతా చెప్పాను. "అంటే రన్నింగ్ బ్యాకే కదా మామా, ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు.

డాలస్ పేరెత్తాను కాబట్టి అక్కడి కౌబాయ్స్ జట్టు కథ చెప్పకుండా ఉండలేను. 1989లో ఆ జట్టు తన అతి పెద్ద తార, రన్నింగ్ బ్యాక్ హర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసింది. బదులుగా కొందరు ఆటగాళ్లతో పాటు రాబోయే డ్రాఫ్టుల్లో బోలెడు వంతులు తీసుకుంది. ఊరు ఊరంతా తిట్టింది. ఒక పెద్ద చెట్టును కొట్టేసి గింజలు తెచ్చుకున్నారనుకున్నారు. అట్లా కట్టుకున్న జట్టు 1990ల్లో మూడుసార్లు లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ గెలిచింది. కేడ్ మాసీ, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ ఈ డ్రాఫ్టుల మీద ఏళ్లతరబడి లెక్కలు కట్టి 2013లో ఒక పరిశోధనా పత్రం వేశారు. జట్లు మొదటి వంతులకు అతిగా విలువ కడుతున్నాయని తేల్చారు. ముందు ఎంచుకున్న ఆటగాడు, అదే స్థానంలో తన తర్వాత ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం నాణెం ఎగరేసిన దానికంటే కాస్తే ఎక్కువట. థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది ఈ పత్రానికి కాదు. కానీ మనుషులు తమ అంచనాల మీద ఎంత మొండి నమ్మకం పెట్టుకుంటారన్నది ఆయన పరిశోధించిన సంగతుల్లో ఒకటి.

ఇది నా చిన్న లెక్కకు గట్టి దెబ్బే. 10, 9, 8 అని మార్కులు వేసుకుని ధీమాగా కూర్చున్నాను. ఆ 10 నిజంగా 10 అని ఎవడు చెప్పాడు? చొక్కా మీద 10 ఉందంతే.

మన ఫుట్‌బాల్‌కు వద్దాం. ఇండియన్ సూపర్ లీగ్ 2017 జూలై 23న ముంబైలో ఆటగాళ్ల డ్రాఫ్ట్ పెట్టింది. కొత్తగా పుట్టిన జంషెడ్‌పూర్ జట్టు మొట్టమొదట ఎవరిని తీసుకుందో తెలుసా? గోల్స్ కొట్టేవాణ్ని కాదు. కేరళకు చెందిన సెంటర్ బ్యాక్ అనాస్ ఎడతొడికాను, 1.10 కోట్ల రూపాయలకు. గోల్‌కీపర్‌గా సుబ్రత పాల్‌నూ 87 లక్షలకు తెచ్చుకుంది. ఆలోచన స్పష్టంగానే ఉంది. గోల్స్ కొట్టేవాళ్లను విదేశాల నుంచి తెచ్చుకునే వీలుంది, ఆ బజారు పెద్దది. నమ్మదగ్గ భారతీయ డిఫెండర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, కొత్త జట్టుకు వాళ్లు దొరికేది ప్రధానంగా ఆ డ్రాఫ్ట్‌లోనే. జంషెడ్‌పూర్ తన మొదటి మూడు మ్యాచ్‌లూ 0-0గా ముగించింది. ప్రేక్షకులకు ఆవులింతలు వచ్చి ఉంటాయి గానీ, పుట్టిన ఏడాదే జట్టు ఐదో స్థానంలో నిలిచింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా దగ్గరిది. 2019-20లో మొదటి సీజన్: 18 మ్యాచ్‌లు, రెండు గెలుపులు, పట్టికలో అట్టడుగు. రెండేళ్లు తిరిగేసరికి 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ఆ సీజన్‌లో హైదరాబాద్ ముందు వరస ఆటగాడు బార్తలోమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టి లీగ్‌లోనే మొదటివాడు. ఫైనల్ మాత్రం 1-1 దగ్గర ఆగి పెనాల్టీలకు పోయింది. అక్కడ కేరళ బ్లాస్టర్స్ తన్నిన మూడు బంతుల్ని ఆపినవాడు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. సీజన్ అంతా పేపర్లలో ఒగ్బెచె బొమ్మే, ఆఖరి పదినిమిషాలు మాత్రం గోలీవి. గుట్ట కింద ఆ బక్క పోరణ్ని చూసి నవ్విన పోరలకు ఈ సంగతి గుర్తు చేద్దామనుకున్నాను. చెప్పలేదు. పెద్దవాళ్లు ఆటలో దూరితే ఆట పోతుంది.

అయితే ప్రపంచం గోలీకి ఎంత కడుతోంది? 2017లో నెయ్మార్ కోసం పారిస్ జట్టు 22.2 కోట్ల యూరోలు పోసింది. మరుసటి ఏడు గోల్‌కీపర్ కెపా కోసం చెల్సీ పెట్టిన సుమారు 8 కోట్లు ఆ స్థానానికి రికార్డు ధర. దాదాపు మూడో వంతు. దీన్ని అన్యాయమని చెప్పేవాళ్లున్నారు. నాకు అట్లా అనిపించదు. గోలీ జట్టుకు ఒక్కడే ఆడతాడు, ఉరకడం తక్కువ కాబట్టి నలభై ఏళ్లు దగ్గర పడుతున్నా నిలబడేవాళ్లున్నారు. పెద్ద లీగుల్లో గోలీల నేల ఎత్తుగా ఉంది. మొదటివాడు దొరక్కపోతే ఇరవయ్యోవాడూ ఫర్వాలేదు. మా గుట్ట కింద ఉన్న గోలీలు ఇద్దరే, అందులో ఒకడు బంతి వస్తే కండ్లు మూసుకునే రకం. అక్కడ గోలీ మొదటి వంతుకు తగినవాడు, యూరప్‌లో కాదు. ఏ స్థానం ముందు అన్న ప్రశ్నకు ఊరు పేరు చెప్పకుండా జవాబు చెప్పకూడదు.

ఇంతవరకు మార్కులు కూడుతూ వచ్చాను. ఆటలు కూడికల మీదే నడుస్తాయా? ఇది తేల్చడానికి ఫుట్‌బాల్‌కంటే కబడ్డీ మంచి ప్రయోగశాల. పైగా మన తెలుగు టైటాన్స్ జట్టు ఆ ప్రయోగాన్ని సొంత డబ్బుతో, ఏళ్లతరబడి చేసి చూపించింది.

ప్రో కబడ్డీలో ఆటగాళ్లను వేలంలో కొంటారు. 2018 వేలంలో మొదటిసారి ఆరుగురు కోటి రూపాయలు ముట్టారు. వాళ్లలో ఐదుగురి పని ప్రధానంగా రైడింగే, అంటే కూతకు పోవడమే. ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలి ఒక్కడే డిఫెండర్. ఆ ఏడు టైటాన్స్ తన పాత రైడర్ రాహుల్ చౌదరిని 1.29 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2019లో రైడర్ సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు పెట్టింది. 2023లో రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు. లీగ్ చరిత్రలో అప్పటికి ఎవరికీ అంత రాలేదు. ఆ ఏడు జట్టు మొత్తానికి ఖర్చు పెట్టనిచ్చింది 5 కోట్లే. అంటే సంచిలో సగంపైన ఒక్క మనిషికే.

పవన్ తన పని తాను చేశాడు. ఆ సీజన్‌లో రెండు వందల రైడ్ పాయింట్లు దాటాడు. టైటాన్స్ మాత్రం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. అంతకుముందు రెండు సీజన్లలోనూ అదే చివరి స్థానం. 2024 మార్చి 1న ఫైనల్ గచ్చిబౌలి స్టేడియంలో, టైటాన్స్ సొంతింట్లో జరిగింది. కప్పెత్తింది పుణేరి పల్టన్. అదే 2023 వేలంలో పుణె వాళ్లు పెద్ద డబ్బు ఎవరి మీద పెట్టారు? ఇరాన్‌కు చెందిన మహమ్మద్‌రెజా షాద్లూ మీద, 2.35 కోట్లు. అతని అసలు బలం ఎడమ కార్నర్‌లో పట్టు.

ఎందుకిట్లా జరుగుతుంది? రైడర్ ఒంటరిగా వెళతాడు. కూత పెట్టి, ముప్పై సెకన్లలో తాకి వస్తాడు. వాడి పాయింట్లు జట్టు ఖాతాలో కూడికలా చేరతాయి. పట్టు అట్లా కాదు. మూలన నిలబడే కార్నర్ చీలమండ పట్టుకుంటే పక్కనుండే కవర్ వచ్చి నడుం మీద పడాలి, ఇంకొకడు గీత వైపు దారి మూయాలి. ఒక్కడు అర సెకను ఆలస్యమైతే మిగిలినవాళ్ల పట్టంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇక్కడ జరిగేది గుణకారం.

నలుగురు డిఫెండర్లు కలిసి ఒక పట్టు పట్టాలనుకోండి. ఒక్కొక్కడు తన పని పదిసార్లకు తొమ్మిదిసార్లు సరిగ్గా చేస్తాడు. పట్టు పడే అవకాశం 90 శాతం అనుకుంటాం. కాదు, నాలుగు తొంభైలు గుణిస్తే 66 శాతమే. అందులో ఒకడు సగం సార్లే చేసేవాడైతే 36కు పడిపోతుంది. ఇప్పుడు చేతిలో డబ్బుంది. బాగా ఆడే ముగ్గురిలో ఒకణ్ని తీసేసి ఎన్నడూ తప్పు చేయని మహానుభావుణ్ని తెస్తే 36 కాస్తా 41 అవుతుంది. ఆ బలహీనుడి చోట పదికి ఏడుసార్లు చేసే మామూలోణ్ని తెస్తే 51. మామూలోడి ధర మహానుభావుడి ధరలో పదో వంతు కూడా ఉండదు. నిజం ఆటలో ప్రతి పట్టుకూ నలుగురూ అక్కర్లేదు, ఒంటిచేత్తో పట్టేసే మొనగాళ్లూ ఉన్నారు. అయినా లెక్క పోయే దారి అదే.

ఆర్థికశాస్త్రంలో దీనికి ఓ-రింగ్ అని పేరు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక గాలిలోనే ముక్కలై ఏడుగురు చనిపోయారు. కారణం చలికి బిగుసుకుపోయిన ఓ-రింగ్ అనే ఒక రబ్బరు వలయం. కోట్లాది డాలర్ల యంత్రం, ఒక్క రబ్బరు చుట్ట. ఆ పేరు పెట్టి 1993లో మైఖేల్ క్రెమర్ ఒక సిద్ధాంతం రాశాడు. గుణకారంగా నడిచే పనుల్లో అందరికంటే బలహీనుడే ఫలితాన్ని తేలుస్తాడని దాని సారం. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలతో పాటు నోబెల్ అందుకున్న క్రెమర్ ఈయనే. ఫుట్‌బాల్ కూడికకూ గుణకారానికీ నడుమ ఉంటుంది. పది పాస్‌ల తర్వాత ఒక గోల్ పడుతుంది, తొమ్మిదో పాస్ తప్పితే మొదటి ఎనిమిదీ దండగ. ఆ మేరకు గుణకారం. మెస్సీలాంటివాడు ఒక్కడే నలుగురిని తప్పించి కొట్టేస్తే ఆ పూటకు కూడిక.

రైడర్ల విషయంలో మరో సంగతి ఉంది. వాళ్ల నేల ఎత్తుగా ఉంది. పవన్‌నే 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా బయటే. తలైవాస్ మునిగిపోయిందనుకున్నారు. నరేందర్ అనే కొత్త కుర్రాడు లేచి 240కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు, జట్టు మొట్టమొదటిసారి సెమీఫైనల్ చేరింది. ఏటా ఎక్కడో ఒక పల్లె నుంచి ఒక రైడర్ లేస్తూనే ఉన్నాడు. పవన్ గొప్ప కొండే. చుట్టూ గుట్టలు కూడా ఉన్నాయి, అంతే.

రైడర్లను కొనడం తప్పని తీర్పు ఇవ్వడం లేదు. 2017లో 369 రైడ్ పాయింట్లు తెచ్చిన పర్దీప్ నర్వాల్‌తో పట్నా కప్పు గెలిచింది. మరుసటి సీజన్‌లో ఇదే పవన్ ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బెంగళూరుకు కప్పు ఇచ్చాడు. ఆ జట్లలో రైడర్ వెనక నిలబడే వరస కూడా ఉంది. టైటాన్స్ సంగతే చూడండి. 2025 వేలానికి పవన్‌ను వదులుకున్నారు. తలైవాస్ అతణ్ని 59.5 లక్షలకు తీసుకుంది. రెండేళ్ల కింద రెండున్నర కోట్లు దాటిన మనిషి అన్నమాట. టైటాన్స్ విజయ్ మలిక్, భరత్ హూడా లాంటి ఆల్‌రౌండర్ల మీద బరువు పంచుకుని ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద దాకా వెళ్లింది. ఒక్క సీజన్‌తో ఏదీ రుజువు కాదు. కానీ ఇంతకాలం ఈ జట్టు అభిమానిగా ఉన్నవాడికి ఆ మాత్రం సంబరం ఉండదా?

ధర అన్నాను కదా, వేలానికి దానిదే ఒక రోగం ఉంది. వంతుల పద్ధతిలో నష్టం నీ ఎంపికలో ఉంటుంది, వేలంలో నీ గెలుపులోనే ఉంటుంది. ఊళ్లో చింతచెట్టు కాపు వేలం వేశారనుకోండి. పదిమంది చెట్టు చుట్టూ తిరిగి చూస్తారు. ఒకడు నాలుగు బస్తాలంటాడు, ఒకడు ఐదు, ఒకడు ఏడు. పదిమంది అంచనాల సగటు నిజానికి దగ్గరగానే ఉండొచ్చు. కానీ చెట్టు సగటుకు పోదు, అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడికే పోతుంది. గెలిచాడంటేనే ఎక్కువ కట్టాడని అర్థం. 1971లో అమెరికాలో ముగ్గురు చమురు ఇంజనీర్లు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, మెక్సికో సింధుశాఖలో చమురు హక్కులు కొన్న కంపెనీలకు ఆశించినంత లాభం ఎందుకు రాలేదో వెతుకుతూ ఈ సంగతి బయటపెట్టారు. విజేత శాపం అని పేరు పడింది.

బాలాపూర్ లడ్డూకు మాత్రం ఈ శాపం తగలదు. 1994లో 450 రూపాయలకు పోయిన ఆ గణేశుడి లడ్డూ 2024లో 30.01 లక్షలు పలికింది. కొన్నవాడు మోసపోయాడని ఎవరూ అనరు. దాని విలువ కొన్నవాడి భక్తిలో ఉంది, తూకంలో లేదు. రైడర్ తెచ్చే పాయింట్లు ఎవరి భక్తినీ బట్టి మారవు. చింతచెట్టులాగే సీజన్ చివర బస్తాలు లెక్కపెట్టాల్సిందే. జట్టు యజమానులు చింతచెట్టును లడ్డూ పాట పాడినట్టు పాడుతున్నారని నా అనుమానం.

అసలు ఈ వంతులూ వేలాలూ లేకుండా జట్లు పంచుకునే పద్ధతి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కబడ్డీకి ముందు ఉద్దీలు కట్టడం గుర్తుందా? ఆటలో సమానంగా ఉండే ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోతారు. గుసగుసగా దొంగపేర్లు పెట్టుకుంటారు. తిరిగి వచ్చి కెప్టెన్ ముందు నిలబడి, "సూర్యుడు గావాల్నా, చంద్రుడు గావాల్నా?" అని అడుగుతారు. కెప్టెన్ ఒకటి అంటాడు. సూర్యుడెవడో వాడు ఇటు, చంద్రుడు అటు. తర్వాత మరో జత. గణాంకశాస్త్రంలో మందుల్ని పరీక్షించే పద్ధతుల్లో ఒకటి సరిగ్గా ఇట్లాంటిదే. వయసు, రోగం, బరువు సమానంగా ఉన్న ఇద్దర్ని జతకట్టి, ఎవరికి మందు, ఎవరికి ఉత్తి మాత్ర అన్నది చీటీ వేసి తేలుస్తారు. దీనికి శాస్త్రీయ రూపం వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. మన పోరలు సూర్యచంద్రులతో కానిచ్చేశారు.

ఇందులో ఇంకో తెలివి కూడా ఉంది. ఎవడు ఎవడికి సమానమన్న అంచనా కెప్టెన్ చేయడు, ఆటగాళ్లే చేసుకుంటారు. రోజూ కలిసి ఆడేవాళ్లకంటే ఆ మార్కులు ఎవరికి బాగా తెలుస్తాయి? పైగా చివరిదాకా ఎవరికీ పట్టకుండా నిలబడే అవమానం ఏ పోరడికీ ఉండదు. ప్రతివాడూ ఎవడో ఒకడికి ఉద్దీ.

ఉద్దీలు కట్టేటప్పుడు స్థానాల మాటే రాదన్నది గమనించారా? నేను ఇంతసేపూ గోలీ, ఫార్వర్డ్, రైడర్ అని గళ్లు గీసి, ఏ గడికి ముందు మనిషిని తేవాలని లెక్కలు కట్టాను. మనిషి ఆ గడిలోనే కూర్చుంటాడని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నను మన ఫుట్‌బాల్‌లో అందరికంటే గట్టిగా వేసినవాడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్లకు అలవాటు లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవాడని చెబుతారు. రెండు కాళ్లూ ఆడితే ఒక్కడే రెండు స్థానాలకు పనికొస్తాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలకు రహీం తీసుకుపోయిన జట్టులో జర్నైల్ సింగ్ వెనక వరసకు వెన్నెముక. థాయిలాండ్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తలతో బంతిని అడ్డుకోవడమే పనిగా ఉండే డిఫెండర్‌కు తల పగిలితే ఇంకేముంది, బెంచీ మీద కూర్చోబెట్టడమే. ఏ డ్రాఫ్ట్ పట్టిక అయినా అదే చెబుతుంది. అప్పటికే క్యాన్సర్ బాధతో ఉన్న రహీం అతణ్ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా గ్రూపు మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. స్టేడియంలో లక్ష మంది. మొదటి గోల్ పి.కె. బెనర్జీది. మూడు నిమిషాల తర్వాత రెండోది ఆ కుట్ల తలవాడిది.